కారు పాలిషింగ్ మెషిన్ ఏది కొనాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో ఉన్న కారును సొంత చేతులతో మెరిపించుకోవాలనుకునేవాళ్ల కోసం ఈ ప్రశ్నలు, జవాబులు. షెడ్డు పెట్టాలనుకునేవాళ్లకు చివర్లో రెండు మాటలున్నాయి. ఒక సంగతి ముందే చెప్పేస్తాను. ఏ మెషిన్ కొనాలా అని నెలల తరబడి బుర్ర బద్దలు కొట్టుకునేవాళ్లు ప్యాడ్ల (మెషిన్‌కు తగిలించి పెయింట్ మీద రుద్దే మెత్తలు) దగ్గర, లైటు దగ్గర, రోజూ కారు తుడిచే గుడ్డ దగ్గర మాత్రం చెయ్యి బిగబడతారు. కారు చివరికి ఎలా కనిపిస్తుందనేది ఎక్కువగా ఆ మూడింటి మీదే ఆధారపడి ఉంటుంది.

బానెట్ మీద గుండ్రటి సన్నగీతలు కనిపిస్తున్నాయి. మెషిన్ కొనాల్సిందేనా?

ముందు అవి ఏ రకం గీతలో చూడండి. ఎండలో నిలబెట్టినప్పుడు సూర్యుడి ప్రతిబింబం చుట్టూ వలయాలుగా కనిపించేవాటిని స్వర్ల్ మార్కులు అంటారు. నిజానికి అవి గుండ్రంగా ఉండవు. అన్ని దిక్కులకూ ఉన్న వందల గీతల్లో వెలుతురుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరుస్తాయి కాబట్టి మన కంటికి వలయంలా తోస్తాయి. ఇవి పైపైన ఉండే గీతలు. మెషిన్‌తో బాగా పోతాయి.

ఒంటరిగా, పొడుగ్గా ఉన్న గీత అయితే దాని మీద గోరు అడ్డంగా లాగండి. గోరు తట్టుకుంటే అది లోతైన గీత. పాలిష్ చేస్తే అంచులు మెత్తబడి కాస్త తక్కువగా కనిపిస్తుందేమో గానీ పూర్తిగా పోదు. గీత లోపల తెల్లగా ప్రైమరో, రేకో కనిపిస్తుంటే టచప్ పెయింటే దిక్కు. ఇంకో చిన్న పరీక్ష: గీత మీద నీళ్లు చల్లండి. తడిగా ఉన్నంతసేపు గీత మాయమైతే అది పై పొరలోనే ఉందని అర్థం.

మీది తెల్ల కారు అయి, ఈ గీతలు ఎండలో తప్ప కనిపించక, మిమ్మల్ని పెద్దగా బాధించకపోతే వదిలేయండి. పాలిష్ చేయించకపోతే కారుకు నష్టమేమీ లేదు.

ఈ గీతలు అసలు ఎలా పడతాయి?

చాలావరకు కడిగేటప్పుడు, తుడిచేటప్పుడు. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో పొద్దున్నే ఒకే బకెట్టు నీళ్లతో, ఒకే గుడ్డతో వరసగా పది కార్లు తుడవడం మనకు మామూలే. మొదటి కారు దుమ్ము రెండో కారు మీద గీతలవుతుంది. అంతకంటే ఘోరం పొడి డస్టర్. హైదరాబాద్ రోడ్ల మీద ఎక్కడ చూసినా ఏదో ఒక నిర్మాణం జరుగుతూనే ఉంటుంది. కారు మీద పడే ధూళిలో ఇసుక, సిమెంటు రేణువులు కలిసి ఉంటాయి. దాన్ని నీళ్లతో వదలగొట్టకుండా పొడిగుడ్డతో రుద్దితే అది వాటర్ పేపర్ (గరుకు కాగితం) పనే చేస్తుంది.

కాబట్టి మెషిన్ కొనేముందు తుడిచే అబ్బాయితో మాట్లాడండి. డబ్బులు అతనికే ఇవ్వండి, కానీ టైర్లు, అద్దాలు, లోపలి మ్యాట్లు మాత్రమే చేయమనండి. బాడీని వారానికోసారి మీరే ముందు పైపు నీళ్లతో దుమ్ము వదలగొట్టి, షాంపూ నీళ్లకు ఒక బకెట్టు, కడిగే గ్లవ్ జాడించడానికి ఇంకో బకెట్టు పెట్టుకుని కడగండి. ఈ ఏర్పాటు లేకుండా పాలిష్ చేస్తే రెండు నెలల్లో గీతలు మళ్లీ వస్తాయి, మీరు మళ్లీ పాలిష్ చేస్తారు. అలా ఎన్నిసార్లైనా చేయడానికి అక్కడ అంత పెయింట్ లేదు.

పెయింట్ ఎంత మందం ఉంటుంది? ఎన్నిసార్లు పాలిష్ చేయవచ్చు?

కంపెనీ నుంచి వచ్చిన కారు మీద ప్రైమర్, రంగు, పైన క్లియర్ కోట్ అనే రంగులేని పారదర్శక పొర అన్నీ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటాయి. కొన్ని కార్లలో అంతకంటే తక్కువే. అంటే మొత్తం పూత కలిపినా ఒక జిరాక్స్ కాగితం మందం, లేదంటే దానికి కాస్త ఎక్కువ. అందులో మనం పని చేసే క్లియర్ కోట్ వాటా సుమారు 35 నుంచి 50 మైక్రాన్లు.

పాలిష్ అంటే గీతను పూడ్చడం కాదు. గీత అడుగు ఎంత లోతుందో అంతవరకూ చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను అరగదీసి చదును చేయడం. ఒకసారి కాంపౌండ్ (గట్టిగా కోసే గరుకు పాలిష్) పట్టిస్తే రెండు మూడు మైక్రాన్లు పోవచ్చు. చివర్లో నునుపు కోసం పట్టే ఫినిషింగ్ పాలిష్‌తో పోయేది చాలా తక్కువ. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి రంగును కాపాడేది ఈ క్లియర్ కోటే. అది మరీ పలచబడితే కొన్నేళ్లకు పొరలుగా లేచిపోతుంది. ఆ తర్వాత పాలిష్‌తో ఏ పనీ జరగదు, రీపెయింట్ చేయించాల్సిందే.

అందుకే అంకె చెప్పమంటే ఇలా చెబుతాను: కారు మీ దగ్గర ఉన్నంతకాలంలో గట్టి కాంపౌండింగ్ ఒకసారి, మహా అయితే రెండుసార్లు. మధ్యలో తేలికపాటి ఫినిషింగ్ మరికొన్నిసార్లు. అన్ని గీతలూ నూటికి నూరు శాతం పోవాలనే పట్టుదల వద్దు. ఎనభై శాతం పోతే చూసేవాడికి కొత్త కారే.

కొలవాలంటే పెయింట్ థిక్‌నెస్ గేజ్ దొరుకుతుంది. అది మొత్తం మందం చెబుతుంది గానీ క్లియర్ కోట్‌ను విడిగా చూపించదు. మామూలు గేజ్ ప్లాస్టిక్ బంపర్ల మీద పని చేయదు. అల్యూమినియం బానెట్ ఉన్న కార్లకు ఇనుము, అల్యూమినియం రెండింటినీ కొలిచే రకం కావాలి. ఒక డోర్ మీద 110, పక్క డోర్ మీద 250 చూపిస్తే ఆ డోర్‌కు ఎప్పుడో మళ్లీ రంగు వేశారన్నమాట. ఇంకా ఎక్కువ, 500 దాటి పోతే లోపల లప్పం ఉందని అనుమానించాలి. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు కూడా ఈ గేజ్ బాగా పనికొస్తుంది. అమ్మేవాడి ముందు తీసి పెడితే చాలు, బేరం మారిపోతుంది.

రోటరీ, డీఏ అంటారు కదా. తేడా ఏమిటి?

రోటరీలో ప్యాడ్ ఒకే ఇరుసు మీద గుండ్రంగా తిరుగుతుంది. నిమిషానికి సుమారు 600 నుంచి 3000 చుట్లు. మోటారు బలం నేరుగా పెయింట్ మీదికి వస్తుంది. కోత ఎక్కువ, వేడీ ఎక్కువే. ఒకే చోట రెండు క్షణాలు ఎక్కువ ఆపితే, ముఖ్యంగా బాడీ మడతల అంచుల మీద, క్లియర్ కోట్ కాలిపోవచ్చు. చెయ్యి కుదరకపోతే హోలోగ్రామ్‌లు పడతాయి. అంటే ఎండలో కారు చుట్టూ నడుస్తుంటే మనతోపాటు కదిలే మసక చారలు.

డీఏ అంటే డ్యూయల్ యాక్షన్. ప్యాడ్ తన చుట్టూ తాను తిరుగుతూ, అదే సమయంలో ఒక చిన్న వలయంలో ఊగుతుంది. ఒకే రేణువు ఒకే దారిలో మళ్లీ మళ్లీ వెళ్లదు కాబట్టి చారలు పడవు, వేడి ఒకచోట పోగుపడదు. ఇంకో ముఖ్యమైన రక్షణ ఉంది. మామూలు డీఏలో తిరుగుడు మోటారుకు గట్టిగా కట్టి ఉండదు. మీరు అతిగా నొక్కితే, లేదా ప్యాడ్ అంచు మీద పడితే, తిరగడం ఆగిపోయి ఊగడం మాత్రమే మిగులుతుంది. ఆ స్థితిలో పని జరగదు గానీ నష్టమూ జరగదు.

ఇంట్లో ఒకటో రెండో కార్లున్నవాళ్లకు నా సలహా సూటిగా: డీఏ తీసుకోండి. ఒకప్పుడు డీఏతో గట్టి గీతలు పోవనేవారు, అందులో కొంత నిజం ఉండేది. ఇటలీ కంపెనీ రూపెస్ తన బిగ్‌ఫుట్ శ్రేణితో పెద్ద త్రో మెషిన్లను ప్రాచుర్యంలోకి తెచ్చాక, మైక్రోఫైబర్ కటింగ్ ప్యాడ్లు (గట్టిగా కోసే రకం) వచ్చాక ఆ మాటకు బలం తగ్గింది.

త్రో 8, 15, 21 అని ఉంటాయి. ఏది తీసుకోవాలి?

త్రో అంటే ప్యాడ్ ఊగే వలయం వ్యాసం, మిల్లీమీటర్లలో. త్రో పెరిగేకొద్దీ ఒక్కో ఊపులో ప్యాడ్ ఎక్కువ దూరం కదులుతుంది, పని త్వరగా అవుతుంది.

8 మిల్లీమీటర్ల మెషిన్ నెమ్మది, కానీ మచ్చికైన మెషిన్. పాత డీఏలన్నీ ఇంచుమించు ఈ కొలతవే. 15 అన్నిటికీ సరిపోతుంది. బానెట్, డోర్లు, కాస్త వంపు ఉన్న ఫెండర్లు అన్నీ ఒకే మెషిన్‌తో లాగించవచ్చు. 21 మిల్లీమీటర్ల మెషిన్ వెడల్పైన, చదునైన ప్యానెళ్ల మీద రాజా. ఎస్‌యూవీ బానెట్, రూఫ్ మీద దాని పని చూడాలి. కానీ వంపులున్న చోట, డోర్ హ్యాండిల్ చుట్టూ, సన్నటి పిల్లర్ల మీద దాని ప్యాడ్ తరచూ తిరగడం ఆపేస్తుంది. మన ఊళ్లలో ఎక్కువగా తిరిగే హ్యాచ్‌బ్యాకులు, చిన్న సెడాన్ల ఒంటి మీద చదును చోట్లే తక్కువ. వాటికి 21 కంటే 15 నయం.

మోడల్ పేర్లు చూసి పొరబడకండి. రూపెస్ ఎల్‌హెచ్‌ఆర్ 15, ఎల్‌హెచ్‌ఆర్ 21 పేర్లలో అంకె త్రోను చెబుతుంది. అదే కంపెనీ ఎల్‌హెచ్‌ఆర్ 75లో మాత్రం 75 అనేది ప్లేటు (ప్యాడ్‌ను అంటించే బ్యాకింగ్ ప్లేటు) సైజు. ప్రతి కంపెనీకీ దాని పద్ధతి దానిది. అందుకే డబ్బా మీద పేరు కాకుండా లోపలి వివరాల కాగితంలో త్రో ఎంత, ప్లేటు ఎంత అని చూసుకోండి.

తిరుగుడు ఆగుతోందో లేదో కనిపెట్టడానికి పైసా ఖర్చులేని ఉపాయం ఉంది. ప్లేటు వెనక అంచున మార్కర్‌తో ఒక మందపాటి గీత గీయండి. పని చేస్తున్నప్పుడు ఆ గీత తిరుగుతూ కనిపించాలి. అది నిలిచిపోయిందంటే నొక్కడం తగ్గించాలి, లేదా ప్యాడ్‌ను ప్యానెల్‌కు సమంగా పట్టుకోవాలి.

ఫోర్స్‌డ్ రొటేషన్ డీఏ అంటే?

గేర్ల ద్వారా తిరుగుడును కూడా మోటారుకు కట్టేసిన డీఏ. ఎంత నొక్కినా ఆగదు. జర్మనీ కంపెనీ ఫ్లెక్స్ వారి ఎక్స్‌సీ 3401 ఈ తరహాలో పేరున్న మెషిన్, త్రో 8 మిల్లీమీటర్లు. కోత బాగుంటుంది, చారలు పడవు. అయితే ఊపు ఎక్కువ, కొత్తవాళ్ల చేతిలో పక్కకు లాగేస్తుంది. పైన చెప్పిన ఆగిపోయే రక్షణ ఇందులో ఉండదు కాబట్టి అంచుల దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. మొదటి మెషిన్‌గా అవసరం లేదు.

వాట్లు ఎక్కువ ఉన్నది కొంటే మంచిదే కదా?

కాదు. వాట్లు మెషిన్ ఎంత కరెంటు తాగుతుందో చెబుతాయి, ఎంత పని చేస్తుందో చెప్పవు. మంచి డీఏలు 500 వాట్లతోనే నడుస్తాయి. 1200 అని రాసి ఉన్న చౌక మెషిన్ ప్యానెల్ మీద పెట్టగానే చతికిలబడటమూ ఉంది.

వాట్లకు బదులు ఇవి చూడండి. ప్యాడ్ ఆనించినా వేగం పడిపోకుండా నిలబెట్టే ఎలక్ట్రానిక్ కంట్రోల్ ఉందా? స్విచ్ వేయగానే ఎగిరిపడకుండా మెల్లగా వేగం అందుకుంటుందా? స్పీడ్ డయల్ పని చేసేటప్పుడు బొటనవేలికి అందే చోట ఉందా? చేతిలో పట్టుకుని రెండు నిమిషాలు నడిపితే వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయా? ఈ చివరిది అన్నిటికంటే ముఖ్యం. ఒక కారు పూర్తిగా చేయడానికి ఒక రోజు పడుతుంది. ఎక్కువగా అదిరే మెషిన్‌తో మధ్యాహ్నానికే చేతులెత్తేస్తారు.

కార్బన్ బ్రష్‌లు (మోటారులో అరిగిపోయే చిన్న ముక్కలు), బ్యాకింగ్ ప్లేటు మీ ఊళ్లో గానీ ఆన్‌లైన్‌లో గానీ విడిగా దొరుకుతాయా అన్నది కొనకముందే కనుక్కోండి. ప్లేటు వెనకుండే మర కొలత మెషిన్‌ను బట్టి మారుతుంది. రోటరీలకు ఎక్కువగా ఎం14, చాలా డీఏలకు ఎం8. కలవని ప్లేటు కొని తెచ్చుకుంటే అది పేపర్ వెయిట్‌గా తప్ప పనికిరాదు.

షెడ్డులో రోటరీతో గంటలో రబ్బింగ్ పాలిష్ చేసి అద్దంలా ఇచ్చేస్తారు. మరి మీరెందుకు వద్దంటున్నారు?

చెయ్యి తిరిగిన పనివాడు రోటరీతో చేసే పని ముందు మనం డీఏతో చేసేది దిగదుడుపే. సందేహం లేదు. కానీ గంటలో ఇచ్చే మెరుపు ఎక్కువసార్లు గీతల్ని తీసినది కాదు, నింపినది. జిడ్డు ఎక్కువగా ఉన్న పాలిష్, దాని మీద మైనం పట్టిస్తే గీతలు పూడుకుని కనిపించవు. మూడు నాలుగు వాష్‌లయ్యాక, వాటికి తోడు కొత్త హోలోగ్రామ్‌లతో సహా, బయటికి వస్తాయి.

తేల్చుకోవడం సులువు. ఐసోప్రోపైల్ ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపి స్ప్రే చేసి, మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. జిడ్డంతా పోతుంది. మిగిలిందే అసలు పెయింట్. మీ పనిని మీరు పరీక్షించుకోవడానికీ ఇదే దారి. ప్రతి ప్యానెల్ తర్వాత ఇలా తుడిచి చూడకపోతే మిమ్మల్ని మీరే మోసం చేసుకుంటారు.

ఇంట్లో యాంగిల్ గ్రైండర్ ఉంది. దానికి ఫోమ్ ప్యాడ్ తగిలిస్తే సరిపోదా?

వద్దు. నాలుగు అంగుళాల గ్రైండర్లు సాధారణంగా నిమిషానికి 11000 చుట్ల దగ్గర తిరుగుతాయి. పాలిషింగ్‌కు కావలసింది అందులో ఐదో వంతు కూడా కాదు. ప్యాడ్ చిరిగి ముఖం మీదికి వస్తుంది, పెయింట్ క్షణాల్లో కాలుతుంది. స్పీడ్ డయల్ ఉన్న గ్రైండర్ల అతి తక్కువ వేగం కూడా మనకు ఎక్కువే.

డ్రిల్లు మెషిన్‌కు తగిలించే ప్యాడ్లు అంత ప్రమాదం కాదు గానీ, డ్రిల్లు పట్టు పాలిషింగ్‌కు అనువుగా ఉండదు. హెడ్‌లైట్ల పసుపు తీయడానికి వాడుకోండి, అక్కడితో ఆపండి.

అమెరికాలో ఉన్న మా అబ్బాయి వచ్చేటప్పుడు తెస్తానంటున్నాడు. తెప్పించుకోమంటారా?

వద్దనే చెబుతాను. అక్కడి ఇళ్లలో కరెంటు 120 వోల్టులు, మనది 230. అక్కడి మెషిన్‌ను నేరుగా మన ప్లగ్గులో పెడితే పొగ రావడానికి ఎక్కువసేపు పట్టదు. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టవచ్చు. కానీ 1000 వాట్ల మెషిన్‌కు కనీసం 1500 వీఏ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అంత బరువైనదాన్ని కారు చుట్టూ ఈడ్చుకుంటూ తిరగాలి. పైగా వారంటీ ఇక్కడ చెల్లదు. ప్లేట్ల మరలు కూడా అక్కడివి అంగుళాల కొలతలో ఉంటాయి.

దుబాయ్, సింగపూర్, ఇంగ్లండుల నుంచి అయితే వోల్టేజీ కలుస్తుంది, ప్లగ్గు మారిస్తే చాలు. అమెరికా నుంచి వచ్చేవాళ్లకు ఏదైనా చెప్పాలనుకుంటే ప్యాడ్లు, మంచి మైక్రోఫైబర్ తువ్వాళ్లు చెప్పండి. బరువు తక్కువ, వోల్టేజీ గొడవ లేదు.

అపార్ట్‌మెంట్ సెల్లార్లో చేసుకోవచ్చా?

చక్కగా చేసుకోవచ్చు. నీడ ఉంటుంది, అదే పెద్ద లాభం. కరెంటుకు మీ మీటరు నుంచే లైను ఉండేలా చూసుకోండి, లేకపోతే అసోసియేషన్ మీటింగులో మీ పేరు వినిపిస్తుంది. సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బాక్సులు వద్దు. పది మీటర్ల దూరానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఉన్నది వాడండి. చుట్ట ఉన్న రకమైతే పూర్తిగా విప్పండి, చుట్టలోనే ఉంచితే వేడెక్కుతుంది. కడిగిన నీళ్లు నేల మీద నిలిచి ఉండగా మెషిన్ పెట్టకండి. లైనుకు 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉంటే నిశ్చింత. మెషిన్ వైరును భుజం మీదుగా వెనక్కి వేసుకుంటే ప్యాడ్‌లో చిక్కుకోదు, పెయింట్‌కు రాసుకోదు.

సెల్లార్ ట్యూబ్‌లైట్ల కింద ఏ కారైనా బాగానే కనిపిస్తుంది. గీతలు కనబడాలంటే ఒకే చుక్క నుంచి వచ్చే వెలుతురు కావాలి. తలకు కట్టుకునే ఎల్‌ఈడీ లైటు ఒకటి కొనండి. పని అయ్యాక సాయంత్రం ఏటవాలు ఎండలో కారును బయటికి తీసి చూసుకోండి.

ప్యాడ్లు, కాంపౌండ్ ఏవి కొనాలి?

ఇక్కడే ఖర్చు పెట్టమని మొదట్లో చెప్పింది. ఒక కారుకు కటింగ్ ప్యాడ్లు కనీసం మూడు నాలుగు, ఫినిషింగ్ ప్యాడ్లు రెండు మూడు ఉండాలి. ఒకే ప్యాడ్‌తో కారంతా చేస్తే అది సగంలోనే కాంపౌండ్ పీల్చుకుని, వేడెక్కి, మెత్తబడి, వెనక వెల్క్రో జిగురు ఊడి వస్తుంది. ప్రతి చిన్న భాగం అయ్యాక మెత్తని బ్రష్‌తో ప్యాడ్ దులపండి, ఒకటి రెండు ప్యానెళ్లకు ఒకసారి ప్యాడ్ మార్చండి.

మూడు జాతులున్నాయి. ఫోమ్ అన్నిటికీ వాడుకోదగినది. మైక్రోఫైబర్ ప్యాడ్ డీఏ మీద బాగా కోస్తుంది, కాస్త మసక వదులుతుంది, దాన్ని ఫినిషింగ్ ఫోమ్‌తో తీయాలి. ఉన్ని ప్యాడ్లు ఎక్కువగా రోటరీవాళ్లవి.

రంగుల్ని నమ్మకండి. లేక్ కంట్రీ వారి పసుపు ఫోమ్ గట్టి కటింగ్ ప్యాడ్. రూపెస్ వారి పసుపు సన్నపాటి పాలిషింగ్ ప్యాడ్. ఒకరి వీడియో చూసి ఇంకో కంపెనీ పసుపు కొంటే పని తలకిందులవుతుంది.

కాంపౌండ్ సీసాల అంకెల్లోనూ ఇదే తంటా. మెన్‌జెర్నాలో 400 గట్టి కోత, 3800 అతి సన్నని ఫినిష్, అంటే అంకె పెరిగేకొద్దీ నునుపు. మెగ్వయర్స్‌లో 105 కోతకు, 205 ఫినిషింగ్‌కు. రెండు సీసాలు చాలు, ఒక కాంపౌండ్, ఒక ఫినిషింగ్ పాలిష్. మొదటిసారి రెండూ ఒకే కంపెనీవి తీసుకుంటే లెక్క తప్పదు. ఆటోమొబైల్ షాపుల్లో డబ్బాల్లో దొరికే గరుకు రబ్బింగ్ కాంపౌండ్ ముద్ద మాత్రం కొత్త కార్ల క్లియర్ కోట్ దగ్గరికి రానివ్వకండి.

బడ్జెట్ ఎలా పంచుకోవాలి?

చేతిలో ఉన్న మొత్తంలో సగం మెషిన్‌కు, సగం మిగతావాటికి. మొత్తం మెషిన్‌కే పోసి, పెట్టెలో ఉచితంగా వచ్చిన రెండు ప్యాడ్లతో మొదలుపెట్టేవాళ్లే ఎక్కువగా నిరాశపడతారు. మధ్యరకం 15 మిల్లీమీటర్ల డీఏ, మంచి ప్యాడ్లు ఉన్నవాడి కారు, ఖరీదైన ఇటలీ మెషిన్, ఒకే ప్యాడ్ ఉన్నవాడి కారు కంటే బాగుంటుంది.

మూడు అంగుళాల చిన్న మెషిన్ కూడా కావాలా? బ్యాటరీవి ఎలా ఉంటాయి?

బంపర్ మూలలు, అద్దాల డొప్పలు, పిల్లర్లు, నంబర్ ప్లేటు చుట్టూ పెద్ద ప్యాడ్ పట్టదు. అక్కడ చిన్న మెషిన్ ఉంటే సుఖం. మొదట్లో లేకపోయినా నడుస్తుంది, ఆ చోట్లు చేత్తో చేసుకోవచ్చు. పెద్ద మెషిన్‌కే చిన్న ప్లేటు తగిలిద్దామనుకోకండి. లోపల అదురును సరిచేసే కౌంటర్ వెయిట్ పెద్ద ప్లేటు బరువుకు లెక్కకట్టి పెట్టింది. ప్లేటు మారితే అదురు పెరుగుతుంది.

బ్యాటరీ మెషిన్ చిన్న సైజులో బాగుంటుంది. పెద్ద సైజులో కారంతా చేయాలంటే రెండు మూడు బ్యాటరీలు మార్చుకుంటూ ఉండాలి. ప్లగ్గు దగ్గర్లో ఉంటే వైరు మెషినే మేలు.

ఎండాకాలంలో పాలిష్ చేయవచ్చా?

రెంటచింతల, రామగుండం వైపు మే నెలలో అయితే తెల్లవారుజామున తప్ప వద్దు. మిగతా చోట్ల కూడా నీడలో, ఎండలోంచి తెచ్చిన కారు బాడీ పూర్తిగా చల్లబడ్డాకే. వేడి రేకు మీద కాంపౌండ్ వెంటనే ఆరిపోయి పొడి రాలుతుంది, తుడిస్తే ఊడదు, బలవంతం చేస్తే కొత్త గీతలు. పని మధ్యలో ప్యానెల్ మీద అరచెయ్యి పెట్టి చూస్తూ ఉండండి. చెయ్యి హాయిగా ఆనించలేకపోతే కాసేపు ఆపండి. ప్లాస్టిక్ బంపర్ల మీద ఇంకా జాగ్రత్త, రేకులాగా అవి వేడిని పంచుకోలేవు.

బోరు నీళ్ల తెల్లమచ్చలు పోవడానికి మెషిన్ కావాలా?

ముందు కెమికల్‌తో ప్రయత్నించండి. ఆ మచ్చలు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. తెల్ల వెనిగర్, నీళ్లు సమంగా కలిపి నీడలో గుడ్డతో అద్ది, ఒక నిమిషం ఆగి, బాగా కడిగేయండి. కొత్త మచ్చలు పోతాయి. ఎండకు కాలి క్లియర్ కోట్‌లో గుంట చేసినవి మాత్రం పాలిష్‌కే లొంగుతాయి. మచ్చ గట్టిగా ఉండగానే మెషిన్ పెడితే ఆ లవణమే గీతలు పెడుతుంది. కాబట్టి వరుస ఇదీ: కడగడం, మచ్చలు తీయడం, క్లే బార్ అనే మెత్తటి బంకముద్దతో అంటుకున్న మురికి లాగేయడం, ఆ తర్వాతే మెషిన్. విశాఖ పోర్టు చుట్టుపక్కల ఉండేవాళ్లు క్లే బార్ పనిని అసలు వదలకూడదు.

మొదటిసారి. ఎక్కడ, ఎలా మొదలుపెట్టాలి?

బానెట్ మధ్యలో కాదు. డోర్ కింది భాగంలో, లేదా డిక్కీ మీద రెండడుగుల చదరం టేపుతో గుర్తు పెట్టుకోండి. ముందు అతి మెత్తని జోడీ, అంటే ఫినిషింగ్ ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్. దానితోనే మీకు తృప్తిగా ఉంటే కారంతా అదే. లేకపోతే ఒక మెట్టు పైకి: ప్యాడ్ మార్చండి, ఆ తర్వాత కాంపౌండ్ మార్చండి. జపాన్ కార్ల పెయింట్ మెత్తన, జర్మన్ కార్లది గట్టి అని డీటెయిలింగ్ (కారును శుభ్రం చేసి మెరిపించే పని) చేసేవాళ్లలో ఒక పేరుంది. మీ కారు సంగతి ఆ చదరమే చెబుతుంది.

ప్యాడ్ మీద నాలుగు చుక్కలు వేసి, స్విచ్ వేయకముందే ప్యానెల్ మీద అద్దండి, లేకపోతే గోడలకు కూడా పాలిష్ అవుతుంది. మెషిన్ బరువుకు కాస్త చేతి ఒత్తిడి కలిపి, సెకనుకు అంగుళం చొప్పున, ముందు వరసను సగం కప్పుతూ నడపండి. అడ్డంగా రెండుసార్లు, నిలువుగా రెండుసార్లు చాలు. మెషిన్ ఆగేవరకూ ప్యానెల్ మీంచి ఎత్తకండి. నల్ల ప్లాస్టిక్ ట్రిమ్, రబ్బరు, బ్యాడ్జీల మీద ముందే మాస్కింగ్ టేపు అంటించండి. బాడీ మడతల గీతల మీద కూడా టేపు వేయండి, అక్కడ పెయింట్ అన్నిటికంటే పలచన.

ప్యాడ్‌కు కారు రంగు అంటుతోంది. పెయింట్ పోతోందా?

క్లియర్ కోట్ లేని సింగిల్ స్టేజ్ పెయింట్ అయితే రంగు అంటడం సహజం. పాత అంబాసిడర్లు, కొన్ని రీపెయింట్ చేసిన బండ్లు ఇలా ఉంటాయి. కానీ మీది మెటాలిక్ రంగు ఉన్న ఈమధ్య కారు అయితే వెంటనే ఆపేయండి. క్లియర్ కోట్ అయిపోయి రంగు దాకా వెళ్లారు.

సెరామిక్ కోటింగ్, పీపీఎఫ్, మ్యాట్ ఫినిష్ ఉన్న కార్ల సంగతి?

సెరామిక్ కోటింగ్ (పెయింట్ మీద పూసే గట్టి రక్షణ పూత) మీద పాలిష్ చేస్తే కోటింగ్ ఊడిపోతుంది, మళ్లీ వేయించాలి. కోటింగ్ వేయించబోతుంటే పాలిష్ ముందు చేయండి, లేకపోతే గీతల మీదే మూత పెట్టినట్టవుతుంది. పీపీఎఫ్, అంటే పెయింట్‌ను కాపాడటానికి అంటించే పారదర్శక ఫిల్మ్‌ను, మెషిన్ వేడి పాడు చేయగలదు, దాని జోలికి వెళ్లకండి. మ్యాట్ పెయింట్‌కు, మ్యాట్ ర్యాప్‌కు పాలిష్ అనేదే లేదు. ఒకసారి రుద్దితే అక్కడ మెరుపు మచ్చ పడి, అది ఇక మ్యాట్ కాదు.

చిన్న డీటెయిలింగ్ షాపు పెడదామనుకుంటున్నాను. ఏ మెషిన్లు?

15 మిల్లీమీటర్ల డీఏ ఒకటి, చిన్న మూడు అంగుళాలది ఒకటి, వాటితోపాటు రోటరీ ఒకటి. రోటరీ నేర్చుకోక తప్పదు, ఎందుకంటే కొత్తగా రంగు వేసిన ప్యానెల్‌ను వాటర్ పేపర్ పట్టాక ఆ గీతలు వేగంగా తీసేది అదే. బాష్, మకీటా రోటరీలకు రిపేర్లు, బ్రష్‌లు జిల్లా కేంద్రాల్లోనూ దొరుకుతాయి. మెషిన్ ఆగిన రోజు ఆదాయమూ ఆగుతుంది కాబట్టి మీకు ఇది బ్రాండ్ గొప్పల కంటే ముఖ్యం. షాపు తెరిచేముందు పాత సామాన్ల దుకాణం నుంచి ఒక బానెట్ తెచ్చుకుని, దాని మీద క్లియర్ కోట్ పోయేదాకా చేయండి. ఎంతసేపటికి, ఏ అంచు దగ్గర ముందు పోయిందో చూస్తే కస్టమర్ కారు దగ్గర చెయ్యి దానంతటదే జాగ్రత్త పడుతుంది.

సెకండ్ హ్యాండ్ మెషిన్ కొనవచ్చా?

కొనవచ్చు, ప్లగ్గులో పెట్టి చూశాకే. గాలిలో నడిపినప్పుడు గరగర శబ్దం వస్తే బేరింగులు పోయాయి. ప్యాడ్ తగిలించి ఏదైనా గట్టి ఉపరితలం మీద ఆనిస్తే వేగం బాగా పడిపోతుంటే మోటారుకో, కంట్రోల్ బోర్డుకో పని పడింది. వెంట్ల దగ్గర నీలంగా, ముదురుగా నిప్పురవ్వలు ఎక్కువగా కనిపిస్తే కార్బన్ బ్రష్‌లు అరిగాయి, అది చిన్న ఖర్చే. డీఏలో ప్లేటు పైన ఒక రబ్బరు వాషర్ ఉంటుంది. అది అరిగిపోతే ప్యానెల్ మీంచి ఎత్తగానే ప్యాడ్ అదుపు లేకుండా తిరుగుతుంది, అదీ మార్చుకోవచ్చు. ప్లేటును చేత్తో పట్టి పైకీ కిందికీ కదిపి చూడండి. ఇరుసు దగ్గరే లూజుగా ఊగుతుంటే ఎంత చౌకగా ఇస్తానన్నా తీసుకోకండి.